కయ్యకు దిగిన పిట్ట

టీచరమ్మ పోయారని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ వార్త ఫ్లెక్సీ ఆర్డరుగా వచ్చింది.

ముత్తుకూరు రోడ్డులో నాది జిరాక్సు, ఫ్లెక్సీల షాపు. ఈ ఏడు వానలు మొదలైన రోజుల్లో ఒక ఉదయం షట్టరు ఎత్తి మిషను మీద దుమ్ము తుడుస్తుంటే టీచరమ్మ మేనల్లుడు వచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "అక్కా, ఫోటో వాట్సాప్‌లో పెట్టినాను. కన్నీటి నివాళి అని పెద్ద ఫ్లెక్సీ ఒకటి కావాల. మధ్యాన్నం లోపల ఇస్తావా?" అన్నాడు. ఎవరిదిరా అంటూ ఫోను తెరిచాను. నల్ల ఫ్రేము కళ్లజోడు, మెడ దాకా గుండీలు పెట్టిన జాకెట్టు, నవ్వాలా వద్దా అని తేల్చుకోని పెదవులు. నేను తీసిన ఫోటోనే. ఏదో ఫారానికి పాస్‌పోర్టు సైజు కావాలంటే ఇదే షాపులో, ఇదే నీలం తెర ముందు కూర్చోబెట్టి తీశాను.

"నిద్దట్లోనే పోయినాది అక్కా," అన్నాడు వాడు. నేను ఫ్లెక్సీ పని మొదలుపెట్టాను. అది తప్ప నాకు వచ్చిన పని ఇంకేముంది?

వాడు రాసి తెచ్చిన కాగితంలో 'ప్రముఖ పక్షి ప్రేమికురాలు' అని ఉంది. ఆ మూడు మాటలూ కొట్టేశాను. ఒకసారి ఎవరో ఆ మాట అంటే టీచరమ్మ ఇంతెత్తున లేచారు. "ప్రేమ ఏందమ్మే? నేను వాటికి ఏమన్నా ఉత్తరాలు రాస్తన్నానా? చూస్తాను, చూసింది రాస్తాను. అంతే." అందుకని 'జీవశాస్త్రం టీచరు' అని మాత్రం పెట్టాను. దాని కింద ఇంకో వాక్యం పెట్టాలని చేతులు దురద పెట్టాయి. అది ఒక పెద్దమనిషి గురించి. ఫ్లెక్సీ మీద పెడితే పాపం మేనల్లుడు చిక్కుల్లో పడతాడని ఊరుకున్నాను. ఆ వాక్యమే ఇక్కడ ఇంత పొడుగయింది. నివాళిలో పగ ఏమిటి అనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

ఎనిమిది నుంచి పది దాకా టీచరమ్మ మాకు జీవశాస్త్రం చెప్పారు. శనివారం మధ్యాహ్నం బడి వదిలాక ఇష్టమున్న ఆడపిల్లలను ఉప్పుటేటి గట్టుకు నడిపించుకు పోయేవారు. గట్టుకు ఒక పక్క ఏరు, ఇంకో పక్క ఉప్పు కయ్యలు. మా నెల్లూరు వైపు మడిని కయ్య అంటాం. వరి పండితే వరి కయ్య, ఉప్పు పండితే ఉప్పు కయ్య. చదివేవాళ్లు ఈ మాటను కాస్త గుర్తు పెట్టుకోవాలి.

గట్టు మీద ఆమెకు ఒకే ఒక చట్టం. పిట్ట పేరు చెప్పినవాళ్లకు సున్నా. కాళ్లు ఏ రంగో, మూతి ఎంత పొడుగో, ఎట్లా నడుస్తుందో, ఏం తింటుందో, ఒంటరిగా ఉందో మందతో ఉందో, అవన్నీ అయ్యాకే పేరు. మొదటి రోజే నేను ఒకదాన్ని చూపించి "ఉల్లంకి టీచర్!" అని అరిచాను, మా తాత వాటికి ఉచ్చులు పెట్టేవాడు గనుక నాకు బాగా తెలుసన్న గొప్పతో. టీచరమ్మ నా వైపు తిరిగి, "అది మీ తాత చెప్పినాడు. పిట్ట ఏం చెప్పినాది?" అన్నారు. ఆ రోజు నాకు సున్నా పడింది.

"పేరు తెలిసినాదంటే ఇంగ చూడ్డం మానేస్తారు. అందుకని పేరు ఆఖర్న," అనేవారు.

నడక తెలియాలంటే మేమే నడిచి చూపించాలి. నాలుగడుగులు పరిగెత్తి టక్కున ఆగే పిట్టను మా డ్రిల్లు మాస్టరులాగా నడిచాను. తోక ఊపుతూ నడిచే పిట్టను నా పక్క బెంచీ పిల్ల చేసి చూపిస్తే గట్టంతా నవ్వులే. ఉప్పు ఎత్తే ఆడవాళ్లు గంపలు దించి మరీ చూసేవాళ్లు. అట్లా నేర్చుకున్నది ఏదీ నేను మర్చిపోలేదు. పుస్తకంలో చదివింది పరీక్ష అయిన మర్నాడే పోయింది.

ఆమె దగ్గర ఒక పాత దుర్భిణి ఉండేది. కుడివైపు అద్దానికి బూజు పట్టింది. బాగు చేయించమంటే "ఒక కన్ను చాలు, ఓపిక రెండు కండ్లకు కావాల," అనేవారు. ఒక కన్ను మూసుకుని, దుర్భిణి ఎత్తి పట్టుకుని, ఆమె గంట సేపు కదలకుండా నిలబడగలరు. దారిన పోయే బొగ్గు లారీల వాళ్లు హారను కొట్టేవాళ్లు. ఆమెకు వినపడినట్టే ఉండేది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆమె పిట్టల లెక్క రాసేది బడి హాజరు పట్టీల్లో. బడిలో మిగిలిపోయిన పాత రిజిస్టర్లను అడిగి తెచ్చుకున్నారు. పిల్లల పేర్లు ఉండాల్సిన చోట పిట్టల పేర్లు, తేదీల గడుల్లో హాజరు, గైర్హాజరు. ప్రతి పిట్టకూ ఒక రోల్ నంబరు. కొత్త పిట్ట ఏదైనా కనపడితే మాత్రం వెంటనే నంబరు వేసేవారు కాదు. వెనక పేజీల్లో దాని రూపం, నడత రాసి చివర ప్రశ్నార్థకం పెట్టేవారు. తాను మూడుసార్లు చూశాకే అడ్మిషను. "ఒకసారి కన్ను మోసం చేస్తాది. రెండోసారి ఆశ మోసం చేస్తాది. మూడోసారి ఇంగ మోసపోయేదానికి ఏమీ మిగల్దు," అనేవారు.

ఆ ప్రశ్నార్థకం దగ్గరే మా కథంతా జరిగింది.

కొన్నేళ్ల కిందట ఒక డిసెంబరులో టీచరమ్మ చీర కుచ్చిళ్లకు బురదతోనే నా షాపులోకి వచ్చారు. అప్పటికి రిటైరై చాలా కాలమైంది. "ఏమ్మే, మిషను ఆపు. ఒకటి చూపిస్తా," అన్నారు. చెప్పులు విప్పి, నడుము వంచి, మెడ ముందుకు చాచి, జిరాక్సు మిషను దగ్గర్నుంచి గుమ్మం దాకా ఒక్క పరుగు తీశారు. గుమ్మం దగ్గర ఉన్నట్టుండి పక్కకు తిరిగి ఇంకో పరుగు. ఆధారు కాపీలకు వచ్చినవాళ్లు గోడకు ఆనుకుపోయారు. "ఇట్టా పరిగెత్తే పిట్టను నా జన్మలో చూడలా. పీతను పట్టినాది. మింగలా. నీళ్ల దాకా ఉరికి, కడుక్కోని మింగినాది. మన హాస్టలు పిల్లలకన్నా నయం గదా," అని ఆయాసపడుతూ నవ్వారు. ఆమెను అంత సంతోషంగా నేను చూడటం అదే మొదటిసారి.

మరుసటి చలికాలంలో అది రెండోసారి కనపడింది. అప్పుడు రిజిస్టరు తెచ్చి, ఆ పేజీ కాపీ ఒకటి తీయమన్నారు. నెల్లూరులో కాలేజీ లెక్చరరు ఒకాయనకు పంపి అభిప్రాయం అడగాలని. ఆ పేజీ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు.

'ఉల్లంకి కంటె కాస్త పెద్దది. ఒళ్లు బూడిద, పొట్ట తెలుపు. కాళ్లు పొట్టి, కమలాపండు రంగు. మూతి పొడుగు, కొస పైకి లేచి ఉంది. మూతి పైకి లేచిన నలుపు తెలుపు పెద్ద పిట్ట కాదు ఇది, దానికి కాళ్లు చాలా పొడుగు. నీళ్లు తగ్గంగానే కయ్యకు దిగె. పక్కన వేరే పిట్టలు ఉన్నా దాని పని దానిదే. తల వంచి పరిగెత్తె. పీతను నీళ్లలో కడిగి మింగె. ?'

"పుస్తకంలో టెరెక్ అని ఒకటి ఉండాది, అదే అయ్యుండొచ్చు," అన్నారు. మరి రాసెయ్యండి అన్నాను. "అయ్యుండొచ్చు అనేది పేరు కాదు మే," అని, రిజిస్టరు నా దగ్గరే ఉంచి, మందుల షాపు దాకా వెళ్లొస్తానని పోయారు.

సరిగ్గా అప్పుడు షాపులో ఆ పెద్దమనిషి ఉన్నారు. పేరు ఎందుకు, టోపీ ఆయన అందాం. మెడ వెనక కూడా గుడ్డ వేలాడే ఆకుపచ్చ టోపీ, చెయ్యంత పొడుగు కెమెరా. ఎక్కడినుంచో వచ్చి, సెలవు రోజుల్లో కంపెనీల ఆఫీసర్ల కుటుంబాలను ఏటి గట్టుకు తీసుకుపోయి పిట్టలను చూపించేవారు. మిషను మీద ఉన్న పేజీలోకి తొంగి చూసి, "ఒక కాపీ నాకూ తీయమ్మా. టీచరమ్మతో నేను చెప్తాలే," అన్నారు.

తీసిచ్చాను. పెద్దాయన అడిగారు, మీట నొక్కాను. అంత తేలిగ్గా జరిగింది. ఆ మీట నొక్కిన వేలిని ఇప్పుడు కూడా చూసుకుంటూ ఉంటాను.

ఏడాది తర్వాత ఆయన పుస్తకం వచ్చింది. మన తీరంలో పిట్టల మీద, రంగు రంగుల బొమ్మలతో. నెల్లూరులో సభ పెట్టారు. వేదిక వెనక ఫ్లెక్సీ కూడా నేనే ప్రింటు తీశాను, ఖర్మ. టీచరమ్మ నా స్కూటీ మీద వచ్చి మూడో వరసలో కూర్చున్నారు. అందరికీ తలా ఒక పుస్తకం పంచారు. పేజీలు తిప్పుతున్న ఆమె వేలు ఒక చోట ఆగింది. పుస్తకం నా ఒళ్లో పెట్టారు.

కమలాపండు రంగు కాళ్లు ఉన్నాయి. పైకి లేచిన మూతి ఉంది. పీతను కడుక్కోవడం ఉంది. 'మా ఏటిలో దీన్ని మొదట నేనే గుర్తించాను' అనే వాక్యం కూడా ఉంది. ప్రశ్నార్థకం లేదు. దాని బదులు ఇదుగో ఇది ఉంది: 'నీళ్లు తగ్గగానే తోటి పక్షులతో కయ్యానికి దిగడం దీని స్వభావం.'

రెండుసార్లు చదివితే గానీ నాకు వెలగలేదు. ఈ మహానుభావుడికి కయ్య అంటే ఏమిటో తెలియదు. 'కయ్యకు దిగె' అన్నదాన్ని తగాదా అనుకున్నాడు. మడిలోకి దిగిన పిట్టను కొట్లాటలోకి దింపాడు.

టీచరమ్మ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారనుకుని చెయ్యి పట్టుకున్నాను. ఆమె పవిటచెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. "దాని పాటికి అది పీతల్ని ఏరుకుంటంటే, దాన్ని రౌడీని చేసినాడు గదా మే," అన్నారు. నాకు మాత్రం ఒళ్లు భగ్గున మండింది. లేచి చెప్పండి టీచరమ్మా, ఇప్పుడే చెప్పండి అన్నాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఏం చెప్పేది? ఆయన దగ్గిర పుస్తకం ఉండాది. నా దగ్గిర ఒక ప్రశ్నార్థకం ఉండాది. దాంతో ఎవురిని కొట్టేది?"

వేదిక మీద ఆయనకు శాలువా కప్పారు. టీచరమ్మ చప్పట్లు కొట్టలేదు. నేనూ కొట్టలేదు.

తిరిగి వస్తూ స్కూటీ మీదే నా తప్పు ఒప్పుకున్నాను. ముఖం చూసి చెప్పే ధైర్యం లేదు కాబట్టి బండి నడుపుతూ చెప్పాను. లారీల వెంట బొగ్గు పొడి లేస్తోంది. ఊరు దగ్గర పడ్డాక అన్నారు: "నువ్వు కాపీ తీసినావు. ఆయన కాపీ కొట్టినాడు. రెండూ ఒకటి గాదు." ఇంకాస్త దూరం పోయాక, "అయినా నీకు శిక్ష ఉండాది. ఆదివారం ప్రార్థన అయినాక నన్ను గట్టుకు తీసకపోవాల. మూడోసారి చూసిందాకా," అన్నారు.

మరి ఆయన్ని ఏం చేస్తారు అన్నాను. "ప్రభువు క్షమించమన్నాడు. సరే, క్షమించినాను. మార్కులు మాత్రం వెయ్యను."

ఆమెకు ఉన్నంత మంచితనం నాకు లేదు. మిషనులో ఇంకు శుభ్రం చెయ్యాల్సి వచ్చినప్పుడల్లా ఆ సభ ఫోటో పెట్టి టెస్టు ప్రింటు తీసేదాన్ని. టోపీ నుంచి గడ్డం దాకా నీలం చారలు పడి వచ్చేవి. ఒక్కోసారి ఇంకు బాగున్నా తీసేదాన్ని.

మూడు చలికాలాలు పోయాం. మొదటి ఏడు ఆమె గట్టు చివరి దాకా నడిచారు. రెండో ఏడు సగం దాకా. పోయిన ఏడు మోకాళ్లు సహకరించక స్కూటీ సీటు మీదే కూర్చుని, ఒక కన్ను మూసుకుని చూశారు. ఆ పిట్ట రాలేదు. మిగతా పిట్టలన్నిటికీ హాజరు వేసి, చివరగా వెనక పేజీ తెరిచి, ఆ ప్రశ్నార్థకాన్ని కాసేపు చూసి మూసేసేవారు. "మూడోసారి కనపడితే చాలు మే. రోల్ నంబరు వేస్తాను. ఆ పుస్తకంలో ఆ పేజీని ఎర్ర ఇంకుతో దిద్ది పెట్టినాను, అది ఆయనకి పోస్టులో పోతాది." అంత పట్టుదల ఆ మనిషి లోపల ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆ నంబరు వెయ్యకుండానే వెళ్లిపోయారు. ఇది తలుచుకుంటే నాకు ఏడుపు కంటే ముందు కోపం వస్తుంది.

ఆమె జ్ఞాపకార్థం పెట్టిన కూడికకు టోపీ ఆయన వచ్చారు. మైకు పట్టుకుని, "ఆమె నాకు శిష్యురాలి వంటివారు. నేను చెప్పిన పిట్టలను శ్రద్ధగా రాసుకునేవారు," అన్నారు. నేను నా పళ్లు పటపటలాడటం విన్నాను. నా పక్కన కూర్చున్నావిడ కూడా విన్నదేమో, నీళ్ల సీసా ఇచ్చింది.

మర్నాడే ఆయన నా షాపుకు వచ్చారు. టీచరమ్మ చెప్పి ఉంచిన ప్రకారం మేనల్లుడు రిజిస్టర్ల కట్ట, దుర్భిణి నా దగ్గర పెట్టి పోయాడని విన్నారట. "నీ దగ్గర దుమ్ములో పాడైపోతాయమ్మా. నాకిస్తే భద్రం చేస్తాను," అన్నారు.

"ఇస్తాను సార్," అన్నాను. "ఒక పేజీలో ఒక మాట నాకు అర్థం కాలా. పెద్దవాళ్లు, మీరు చదివి చెప్పండి."

పేజీ తెరిచి ముందు పెట్టాను. షాపులో అప్పుడు ఐదారుగురు ఉన్నారు. నాట్ల కాలం. ఒక రైతు పెద్దాయన మోకాళ్ల దాకా బురదతో, పాసు పుస్తకం కాపీ కోసం నిలబడి ఉన్నాడు. టోపీ ఆయన కళ్లజోడు సర్దుకుని, గొంతు సవరించుకుని చదివారు: "నీళ్లు తగ్గంగానే కయ్యకు దిగె."

"కయ్యకు దిగేది అంటే ఏంది సార్?"

"గొడవ పడటమమ్మా. కయ్యం. పక్క పిట్టలతో పోట్లాటకు దిగిందని."

రైతు పెద్దాయన తల ఎత్తాడు. ఆయనకు మా సంగతి ఏమీ తెలియదు. అమాయకంగా అన్నాడు: "అదేంది సామీ? నేను పొద్దన్నే కయ్యకు దిగే వస్తన్నాను. ఎవురితోనూ కొట్లాడలా."

ముందు ఒకావిడ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. టోపీ ఆయన ముఖం కందిపోయింది. ఆయన మళ్లీ పేజీ వైపు చూశారు. ఆ నాలుగు మాటల మధ్య ఎక్కడో కాలు జారిందని ఆయనకు తెలిసిన క్షణాన్ని నేను దగ్గర్నుంచి చూశాను. దుర్భిణి అక్కర్లేదు. రెండు కళ్లతో చూశాను.

అప్పుడు కట్టలోంచి కవరు తీసి ఇచ్చాను. "మీ పేపరు దిద్ది పెట్టినారు సార్, తీసకపోండి." అందులో ఆయన పుస్తకంలోని ఆ పేజీ ఉంది. 'కయ్యానికి' చుట్టూ ఎర్ర సున్నా. 'మొదట నేనే' కింద రెండు ఎర్ర గీతలు. అంచున టీచరమ్మ గుండ్రటి చేతిరాత: 'చూసి రాయి.' మార్కులు వేసే చోట ఖాళీ. ఆయన కవరు తీసుకుని, రిజిస్టర్ల మాట ఎత్తకుండా బయటికి నడిచారు. ఆ నడకను నేను ఎవరికైనా నడిచి చూపించగలను.

కడుపు చల్లబడిందా అంటే, చల్లబడింది. ఎందుకు అబద్ధం చెప్పాలి? రెండు రోజులు అన్నం రుచిగా తిన్నాను. మూడో రోజున మిషను మీట మీద వేలు పెట్టగానే మళ్లీ అదే గుర్తొచ్చింది. ఆయన్ని నలుగురిలో నిలబెట్టాను. నన్ను ఎవరు నిలబెడతారు? నిలబెట్టాల్సిన మనిషి లేరు. శిక్ష మాత్రం ఇంకా ఉంది.

అందుకని మొన్న ఆదివారం ఆమె దుర్భిణి, పాత రిజిస్టరు తీసుకుని ఒక్కదాన్నే గట్టుకు పోయాను. కట్టలో రాయని రిజిస్టరు ఒకటి ఉంటే అది కూడా పట్టుకుపోయాను. దూరంగా కంపెనీల పొగగొట్టాల మీద మబ్బు కమ్ముకుని ఉంది. ఏట్లో నీళ్లు వెనక్కి తీస్తున్నాయి. దుర్భిణి ఎత్తాను. నా కళ్లు రెండూ బాగానే ఉన్నా, కుడి కన్ను దానంతట అదే మూసుకుంది.

ముందు కాళ్లు చూశాను. పొట్టి, కమలాపండు రంగు. తర్వాత మూతి. కొస పైకి లేచి ఉంది. తర్వాత నడక, నా షాపులో జిరాక్సు మిషను దగ్గర్నుంచి గుమ్మం దాకా తీసిన పరుగే. నీళ్లు తగ్గిన కయ్యకు దిగింది. బురదలోంచి పీతను లాగింది. మింగలేదు. నీళ్ల దాకా ఉరికింది. "టీచరమ్మా!" అని నేను గట్టిగా అరిచాను. పిట్ట పట్టించుకోలేదు, కడుక్కునే పనిలో ఉంది.

ఆమె పాత రిజిస్టరు తీసి వెనక పేజీ తెరిచాను. ప్రశ్నార్థకం కొట్టేసి రోల్ నంబరు వెయ్యాలని పెన్ను ఆ చోట పెట్టాను. ఆగిపోయాను. ఆమె చూసింది రెండుసార్లు. ఇది నేను చూసింది. ఇక్కడ నంబరు వేస్తే నేను కూడా టోపీ ఆయన పనే చేసినదాన్నవుతాను. మూసేసి, కొత్త రిజిస్టరు తెరిచాను. వెనక పేజీలో చూసింది చూసినట్టు రాసి, మొదటిసారి అని, ప్రశ్నార్థకం పెట్టాను.

ముందు పేజీలో మనుషుల పేర్లు మూడు రాశాను. ఒకటో నంబరు టోపీ ఆయన. తేదీ గడిలో గైర్హాజరు. ఈ చలికాలం అంతా ప్రతి ఆదివారం అదే పడుతుంది, చివర్లో పేజీ కాపీ తీసి ఆయనకు రిజిస్టరు పోస్టులో పంపుతాను. ఈ కాపీకి నేను ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. రెండో నంబరు నాది. హాజరు.

మూడో పేరు టీచరమ్మ. పెన్ను ఆ గడి మీద చాలా సేపు నిలబడింది. గైర్హాజరు అని రాయడానికి చెయ్యి రాలేదు. హాజరు అని రాస్తే ఆమే ఊరుకోరు, చూడకుండా ఎట్టా రాసినావు మే అంటారు. దూరంగా కయ్యలో పిట్ట ఇంకో పీతను పట్టుకుని నీళ్ల వైపు పరిగెత్తుతోంది.

ఆ గడిలో ప్రశ్నార్థకం పెట్టాను.